కుళ్ళుతున్న కలపపై పెరిగే సిరా పుట్టగొడుగుల గుర్తింపు

ఉపోద్ఘాతం

తొలకరి వానలు పడిన కొద్ది రోజులకే పొలం గట్లపైన, పశువుల పాకల పక్కన, తోటల్లో నరికిన చెట్ల మోళ్ళ చుట్టూ రకరకాల గొడుగులు లేస్తాయి. మన పల్లెల్లో వీటిని సాధారణంగా రెండు తరగతులుగా విభజిస్తారు. పుట్టల మీద లేచి కూరకు పనికివచ్చేవి పుట్టగొడుగులు, తినకూడనివన్నీ కుక్కగొడుగులు. ఈ విభజన తరతరాల అనుభవం నుంచి వచ్చినది కాబట్టి దానిని తేలికగా తీసివేయరాదు. అయితే పరిచయం లేని గొడుగు ఎదురైనప్పుడు ఈ విభజన చాలదు. అటువంటి సందర్భంలోనే విస్తరణ శాస్త్రవేత్త వద్దకు ప్రశ్న వస్తుంది.

కొన్ని సంవత్సరాల క్రితం వర్షాకాలంలో ఒక విస్తరణ అధికారి నా మొబైల్ ఫోనుకు ఒక ఛాయాచిత్రం పంపారు. పాత మామిడి మోడు అడుగున తేనె రంగులో ఉన్న చిన్న గొడుగులు గుత్తిగా లేచి ఉన్నాయి. రైతు రెండు ప్రశ్నలు అడిగారు. ఇవి వండుకోవచ్చునా? పక్కనున్న కాపు చెట్లకు వీటి నుంచి తెగులు సోకుతుందా? ఆ ఇంట అప్పటికే ఒక బుట్టెడు గొడుగులు కోసి ఉంచారు. నేను వండవద్దని చెప్పి, నమూనాను బస్సు పార్సిలులో పంపమన్నాను. ఎలా కట్టి పంపాలో చెప్పలేదు. అది నా పొరపాటు. మరునాడు చేతికందిన పాలిథీన్ సంచిలో కొన్ని కాడలు, గరిటెడు నల్లని ద్రవం తప్ప మరేమీ మిగలలేదు. ఆ ద్రవం ఒక ఆధారమే. ఇది సిరా పుట్టగొడుగు అన్నంతవరకు అది చెప్పింది. ఏ జాతి అన్నది మాత్రం చెప్పలేకపోయింది.

ఈ వ్యాసం ఆ అనుభవం నుంచి పుట్టినది. సిరా పుట్టగొడుగుల గుర్తింపు ప్రయోగశాలలో మొదలుకాదు. మోడు దగ్గరే మొదలవుతుంది. అక్కడ మొదటి గంటలో నమోదు చేయని లక్షణాలను తరువాత ఏ పరికరమూ తిరిగి ఇవ్వలేదు.

సిరాగా మారడంలోని అంతరార్థం

ఈ గొడుగులు పక్వానికి వచ్చినప్పుడు ఛత్రం అంచు నుంచి నల్లబడుతూ ద్రవంగా కరిగి బొట్లుబొట్లుగా కారుతుంది. దీనిని కుళ్ళు అని భావించడం సరికాదు. ఇది బాక్టీరియా వలన జరిగేది కాదు. శిలీంధ్రం తన కణకవచాలను తానే ఎంజైముల ద్వారా కరిగించుకునే స్వయం విచ్ఛిత్తి. కణకవచంలోని కైటిన్‌ను, గ్లూకాన్లను ఛేదించే ఎంజైములు ఈ పని చేస్తాయి.

ఈ ప్రక్రియ ప్రయోజనాన్ని 20వ శతాబ్దపు తొలి దశకాలలో శిలీంధ్ర శాస్త్రవేత్త బుల్లర్ వివరించారు. చాలా పుట్టగొడుగుల మొప్పలు అడ్డుకోతలో పైన మందంగా, కింద పలుచగా ఉంటాయి. సిరా పుట్టగొడుగుల మొప్పలు మాత్రం పలుచగా, సమాంతరంగా, ఒకదానికొకటి ఎంతో దగ్గరగా ఉంటాయి. వీటిలో సిద్ధబీజాలు ఒకేసారి పక్వం కావు. మొప్ప కింది అంచు నుంచి పైకి వరుసగా పక్వమవుతాయి. పక్వమైన భాగం సిద్ధబీజాలను గాలిలోకి విడిచిన తరువాత ఆ ఖాళీ కణజాలం కరిగిపోయి, దాని పైభాగంలోని సిద్ధబీజాలకు దారి ఇస్తుంది. సిరాలో కొన్ని సిద్ధబీజాలు చిక్కుకున్నా, అధిక భాగం కరగడానికి ముందే గాలిలోకి వెళ్ళిపోతాయి.

దీని నుంచి గుర్తింపుకు ఉపయోగపడే రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, ఒకే గొడుగులో కింద నలుపు, మధ్యలో గోధుమ, పైన తెలుపు రంగు మొప్పలు ఒకేసారి కనిపించడం ఈ వర్గపు విశిష్ట లక్షణం. రెండవది, కోసిన తరువాత కూడా ఈ ప్రక్రియ ఆగదు. వేడి, తేమ కలిసిన మూసిన సంచిలో అది మరింత వేగవంతమవుతుంది.

వర్గీకరణలో వచ్చిన మార్పు

పాత పాఠ్యపుస్తకాలలో సిరా పుట్టగొడుగులన్నీ కోప్రినస్ అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. డి.ఎన్.ఏ. ఆధారిత అధ్యయనాల ఫలితంగా 2001లో ఈ ప్రజాతిని నాలుగుగా విభజించారు. కోప్రినస్ కోమేటస్, దాని దగ్గరి బంధువులు కొన్ని మాత్రమే కోప్రినస్‌లో మిగిలాయి. అవి మనం సాగు చేసే బటన్ పుట్టగొడుగుల కుటుంబమైన అగారికేసికి చెందుతాయి. మిగిలిన జాతులు కోప్రినెల్లస్, కోప్రినాప్సిస్, పారసోలా అనే మూడు ప్రజాతులుగా సాథిరెల్లేసి కుటుంబంలో చేరాయి. అంటే సిరాగా కరగడం ఒకే వంశపు గుర్తు కాదు. ఒకే కుటుంబపు లక్షణంగా మనం బోధించినది రెండు వేర్వేరు కుటుంబాలలో కనిపిస్తున్నది. విద్యార్థులు పాత ప్రచురణలను చదివేటప్పుడు ఈ పేర్ల మార్పును గుర్తుంచుకోవాలి.

కుళ్ళుతున్న కలపపై మనకు ఎక్కువగా ఎదురయ్యేవి కోప్రినెల్లస్ ప్రజాతి జాతులు. వాటిలో కోప్రినెల్లస్ మైకేసియస్‌ను ఈ పాఠానికి ప్రధాన ఉదాహరణగా తీసుకుందాం. దీనిని ఫ్రెంచి శాస్త్రవేత్త బులియార్ 18వ శతాబ్దంలోనే వర్ణించారు. లేత ఛత్రంపై అభ్రకం పొడి చల్లినట్లు మెరిసే రేణువులు ఉండడం వలన దానికి ఆ పేరు వచ్చింది. గూడూరు ప్రాంతపు అభ్రకాన్ని చూసినవారికి ఈ మెరుపును వేరుగా వర్ణించనక్కరలేదు. తెలుగులో దీనిని అభ్రక సిరా పుట్టగొడుగు అని వ్యవహరించవచ్చు.

క్షేత్రంలో నమోదు చేయవలసిన అంశాలు

గొడుగును కోయకముందే కింది అంశాలను పుస్తకంలో వ్రాసుకోవాలి.

ఆధారం: గొడుగు కలపపై నేరుగా లేచిందా, నేల నుంచి లేచిందా? నేల నుంచి లేచినట్లు కనిపించినా వేలితో మట్టిని తొలగించి చూడాలి. పూడిపోయిన వేరు లేదా కలపముక్క అడుగున ఉండవచ్చు. చెట్టు ఏ జాతిదో, నరికి ఎంతకాలమైనదో రైతును అడిగి తెలుసుకోవాలి.

పెరుగుదల తీరు: ఒంటరిగా ఉన్నాయా, గుత్తులుగా ఉన్నాయా, వందల సంఖ్యలో పరుచుకున్నాయా?

వయసు క్రమం: ఇది అన్నింటికన్నా ముఖ్యం. మొగ్గ దశ, గంట ఆకారపు దశ, అంచు నల్లబడిన దశ, కరుగుతున్న దశ – ఈ నాలుగింటినీ ఒకే గుత్తిలో వెతికి పరిశీలించాలి. ఛత్రంపై రేణువులు మొగ్గలో మాత్రమే స్పష్టంగా ఉంటాయి. ఒక్క జల్లు పడితే కొట్టుకుపోతాయి. ముదిరిన గొడుగును మాత్రమే చూసినవారు రేణువులు లేవని వ్రాస్తే, ఆ వాక్యం గుర్తింపును పూర్తిగా దారి తప్పిస్తుంది.

కలప ఉపరితలం: బెరడు కింద, పగుళ్ళలో నారింజ-గోధుమ రంగు శిలీంధ్రజాలపు చాప ఉన్నదేమో చూడాలి. కోసి తెచ్చిన గొడుగులో ఈ లక్షణం కనిపించదు.

ఛాయాచిత్రాలు: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, మొప్పలు కనిపించేటట్లు కింది నుంచి ఒకటి, కాడ అడుగుభాగం ఒకటి, కొలబద్దతో కలిపి ఒకటి తీయాలి. పైనుంచి తీసిన ఒక్క చిత్రంతో ఏ గొడుగునూ గుర్తించరాదు.

కాడను విరవకుండా అడుగున కత్తితో లేపి, చిన్న కలపముక్కతో సహా సేకరించాలి. వార్తాపత్రిక కాగితంలో వదులుగా చుట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచాలి. పాలిథీన్ సంచి వాడరాదు. లేత గొడుగులను, ముదిరినవాటిని వేరువేరుగా చుట్టాలి. ప్రయోగశాల దూరమైతే కొన్నింటిని నిలువునా కోసి, అదే రోజు 40–45 డిగ్రీల సెల్సియస్ వద్ద కరకరలాడేవరకు ఆరబెట్టాలి. డి.ఎన్.ఏ. పరీక్ష అవసరమవుతుందనుకుంటే చిన్న ముక్కను సిలికా జెల్‌లో విడిగా భద్రపరచాలి.

సిద్ధబీజ ముద్ర

సిద్ధబీజాల సామూహిక వర్ణం పుట్టగొడుగుల గుర్తింపులో తొలి మెట్టు. సాధారణ పుట్టగొడుగుల ఛత్రాన్ని రాత్రంతా కాగితంపై ఉంచుతాం. సిరా పుట్టగొడుగుల విషయంలో అలా చేస్తే తెల్లవారేసరికి కాగితంపై సిరా మరక మాత్రమే ఉంటుంది. అంచు మాత్రమే నల్లబడిన ఛత్రాన్ని ఎంచుకొని, కాడను కోసివేసి, మొప్పలు కిందికి ఉండేటట్లు సగం తెలుపు, సగం నలుపు కాగితంపై ఉంచి, గాజు గ్లాసు బోర్లించి, రెండు మూడు గంటలకే తీసి చూడాలి. క్షేత్రంలో మరొక సులువైన ఆధారం కూడా ఉంటుంది. గుత్తిలో పైనున్న గొడుగు తన కింది గొడుగుల ఛత్రాలపైన, పక్కనున్న ఆకులపైన నల్లని పొడిని రాల్చి ఉంటుంది.

కోప్రినెల్లస్ మైకేసియస్ ముద్ర ముదురు గోధుమ నుంచి నలుపు వరకు ఉంటుంది. ముద్ర తుప్పు గోధుమ రంగులో వస్తే అది సిరా పుట్టగొడుగు కాదు. ఈ భేదం ప్రాణాధారమైనది. శీతల ప్రాంతాలలో కుళ్ళిన కలపపై పెరిగే గెలెరినా మార్జినేటా చిన్న తేనె రంగు ఛత్రంతో లేస్తుంది. దానిలో కాలేయాన్ని ధ్వంసం చేసే అమాటాక్సిన్లు ఉంటాయి. వండినా అవి నశించవు. దాని సిద్ధబీజ ముద్ర తుప్పు గోధుమ రంగు.

కోప్రినెల్లస్ మైకేసియస్ లక్షణాలు

ఛత్రం సాధారణంగా 2–5 సెం.మీ. వెడల్పు ఉంటుంది. మొదట అండాకారంలో, తరువాత గంట ఆకారంలో ఉండి, చివరకు అంచు చీలి పైకి లేస్తుంది. రంగు తేనె నుంచి గోధుమ వరకు, నడినెత్తిన ముదురు. అంచు నుంచి నడినెత్తి సమీపం వరకు సన్నని గాడులు ఉంటాయి. మొప్పలు మొదట తెలుపు, తరువాత గోధుమ, చివరకు నలుపు. కాడ తెల్లగా, బోలుగా, పెళుసుగా ఉంటుంది, వలయం ఉండదు. ఛత్రం కొంతమేరకే కరుగుతుంది. ఎండ కాస్తే కరగకుండా ఎండిపోవచ్చు. ఒకే మోడుపై ఒకే సంవత్సరంలో పలుమార్లు లేస్తుంది.

సూక్ష్మదర్శినిలో సిద్ధబీజాలు సుమారు 7–10 మైక్రాన్ల పొడవు ఉండి, ముందునుంచి చూస్తే కిరీటాన్ని పోలిన ఆకారంలో, కొన వద్ద నలగ్గొట్టినట్లున్న అంకుర రంధ్రంతో కనిపిస్తాయి. ఛత్రంపై మెరిసే రేణువులను సూదితో తీసి నీటిలో చూస్తే గుండ్రని బుడగల వంటి కణాలు కనిపిస్తాయి. కాడ ఉపరితలంపై సిస్టీడియాలు ఉంటాయి. ఈ చివరి లక్షణం ముఖ్యమైనది. కోప్రినెల్లస్ ట్రంకోరం అనే సన్నిహిత జాతి కంటికి మైకేసియస్ వలెనే ఉంటుంది. కాడపై సిస్టీడియాలు లేకపోవడమే దానికి గుర్తు. కాబట్టి సూక్ష్మదర్శిని పరీక్ష చేయనివారు తమ నివేదికలో మైకేసియస్ అని కాక, మైకేసియస్ సమూహం అని వ్రాయాలి. ఇది అజ్ఞానాన్ని ఒప్పుకోవడం కాదు. పరిశీలన ఎంతవరకు సాగిందో అంతవరకే చెప్పడం.

కలపపై పెరిగే సిరా పుట్టగొడుగులకు గుర్తింపు సూచి

1అ. ఛత్రం సుమారు 1.5 సెం.మీ. మించదు, లేత పసుపు నుంచి బూడిద రంగు, లోతైన మడతలు, వందల సంఖ్యలో పరుచుకుంటుంది, పక్వమైనా సిరాగా కరగదు: కోప్రినెల్లస్ డిసెమినేటస్.
1ఆ. ఛత్రం అంతకన్నా పెద్దది. ఎంతో కొంత కరుగుతుంది: 2 చూడండి.

2అ. లేత ఛత్రం తెల్లని పొడవాటి నూగుతో దట్టంగా కప్పబడి ఉంటుంది; కొద్ది గంటలలోనే అంచు పైకి చుట్టుకొని కరిగిపోతుంది: కోప్రినాప్సిస్ లాగోపస్ సమూహం.
2ఆ. అటువంటి దట్టమైన నూగు లేదు: 3 చూడండి.

3అ. ఛత్రం బూడిద రంగు, కండ కలిగినది; తరచు పూడిపోయిన కలప నుంచి గుత్తిగా లేస్తుంది; కాడ కింది భాగంలో వలయాన్ని పోలిన అంచు ఉంటుంది: కోప్రినాప్సిస్ అట్రమెంటేరియా సమూహం.
3ఆ. ఛత్రం తేనె లేదా గోధుమ రంగు, పలుచనిది: 4 చూడండి.

4అ. కలపపై నారింజ-గోధుమ రంగు శిలీంధ్రజాలపు చాప ఉంటుంది: కోప్రినెల్లస్ డొమెస్టికస్–రేడియన్స్ సమూహం.
4ఆ. అటువంటి చాప లేదు. లేత ఛత్రంపై అభ్రకం వంటి రేణువులు: కోప్రినెల్లస్ మైకేసియస్ సమూహం.

నాలుగవ మెట్టు వద్ద ఒక జాగ్రత్త అవసరం. చాప ఉండడం బలమైన ఆధారమే గాని, లేకపోవడం నిర్ణాయకం కాదు. సందేహం కలిగినప్పుడు ఛత్రంపై రేణువులను సూక్ష్మదర్శినిలో చూడాలి. డొమెస్టికస్ సమూహంలో గుండ్రని కణాలతో పాటు గొలుసులుగా కూర్చిన పొడవాటి కణాలు కనిపిస్తాయి. అలాగే మొదటి మెట్టులో చెప్పిన డిసెమినేటస్ కరగని సిరా పుట్టగొడుగు. సిరా కారలేదు కాబట్టి ఇది ఆ వర్గానికి చెందదు అనే తర్కం ఇక్కడ తప్పుతుంది. సూక్ష్మదర్శిని తరువాత కూడా సందేహం మిగిలితే ఐ.టి.ఎస్. డి.ఎన్.ఏ. క్రమాన్ని పరిశీలించవచ్చు. ఈ ప్రాంతాన్ని 2012లో శిలీంధ్రాల సార్వత్రిక బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు. అయితే క్షేత్ర వివరాలు, ఎండబెట్టిన నమూనా లేని డి.ఎన్.ఏ. క్రమాన్ని తరువాత ఎవరూ సరిచూడలేరు.

మొదటి ప్రశ్న: తినవచ్చునా?

కోప్రినాప్సిస్ అట్రమెంటేరియాలో కోప్రిన్ అనే పదార్థం ఉంటుంది. దీనిని 1975లో వేరుచేశారు. ఇది శరీరంలో మార్పు చెంది, మద్యం జీర్ణమయ్యే క్రమంలో ఏర్పడే అసిటాల్డిహైడ్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును నిరోధిస్తుంది. ఫలితంగా అసిటాల్డిహైడ్ రక్తంలో పేరుకుపోతుంది. మద్యపాన వ్యసన చికిత్సలో వాడే డైసల్ఫిరామ్ మందు కూడా ఈ విధంగానే పనిచేస్తుంది. ఈ గొడుగును తిన్నవారు కల్లు గాని, సారా గాని తాగితే ముఖం ఎర్రబడడం, గుండె దడ, తలనొప్పి, వికారం, వాంతులు కలుగుతాయి. గొడుగు తిన్న రెండు మూడు రోజుల తరువాత తాగినా ఈ ప్రభావం కనిపించవచ్చు.

ఇందులో విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన సూక్ష్మం ఉన్నది. ఒకే కుండలోని కూర తిన్న కుటుంబంలో కల్లు ముట్టనివారికి ఏమీ కాదు. తాగినవారికి మాత్రమే బాధ కలుగుతుంది. అప్పుడు నింద కల్లుపై పడుతుంది గాని గొడుగుపై పడదు. ‘మేము తిన్నాం, మాకేమీ కాలేదు’ అనే సాక్ష్యం ఎంత బలహీనమైనదో దీనివలన తెలుస్తుంది. వెండి చెంచా నల్లబడడం, పసుపు లేదా వెల్లుల్లి రంగు మారడం, పురుగులు తిన్న గొడుగు మనుషులకూ మంచిదనడం వంటి పరీక్షలకు శాస్త్రీయ ఆధారం ఏదీ లేదు.

మైకేసియస్‌ను తినదగినదిగా పేర్కొనే గ్రంథాలు ఉన్నాయి. అయినప్పటికీ రైతుకు ఇచ్చే సలహా గ్రంథంలోని జాతి పేరుపై కాక, చేతిలోని నమూనాపై ఆధారపడాలి. గుర్తింపు పూర్తికాని గొడుగు విషయంలో సలహా ఒక్కటే: తినవద్దు. ఛాయాచిత్రం చూసి తినవచ్చునని ఎన్నడూ చెప్పరాదు. ఎవరైనా తిని అస్వస్థులైతే, లక్షణాలు తగ్గేవరకు వేచి చూడకుండా, మిగిలిన గొడుగులను కాగితంలో చుట్టి రోగితో పాటు ఆసుపత్రికి పంపాలి.

రెండవ ప్రశ్న: చెట్లకు తెగులు సోకుతుందా?

ఈ ప్రశ్నకు సమాధానం సులభం. కోప్రినెల్లస్ జాతులు పూతికాహారులు. మృత కలపను కుళ్ళబెట్టి ఆహారం పొందుతాయి. మోడుపై లేచిన గొడుగులు పక్క చెట్లకు హాని చేయవు. వాటిపై శిలీంధ్రనాశినులు పిచికారీ చేయడం, మోడు చుట్టూ మందు ద్రావణం పోయడం వృథా ఖర్చు. ఒకవేళ బ్రతికున్న చెట్టు మొదలులో ఇవి లేస్తే, అక్కడ చనిపోయిన వేరో, పాత గాయమో ఉన్నదని అర్థం. ఆ చెట్టు ఆరోగ్యాన్ని పరిశీలించాలి. కాని తెగులుకు కారణం ఈ గొడుగు కాదు. దీనిని గానోడెర్మాతో పొరబడరాదు. గానోడెర్మా ఫలనాంగం కర్ర వలె గట్టిగా, బ్రాకెట్టు ఆకారంలో ఉంటుంది. దాని అడుగున మొప్పలకు బదులు సన్నని రంధ్రాలు ఉంటాయి. అది కొబ్బరి మొదలులో కనిపిస్తే అలక్ష్యం చేయరాదు.

వరిగడ్డి పుట్టగొడుగుల పెంపకందారులకు మాత్రం సిరా పుట్టగొడుగులు వేరొక సమస్య. కోప్రినాప్సిస్ సినీరియా వంటి జాతులు గడ్డి మడులలో కలుపుగా లేస్తాయి. బటన్ పుట్టగొడుగుల కంపోస్టులో ఇవి కనిపించడం అమ్మోనియా పూర్తిగా తొలగిపోలేదనడానికి సూచన. వీటిని కరగకముందే ఏరివేయాలి. వరిగడ్డి పుట్టగొడుగు సిద్ధబీజ ముద్ర గులాబీ రంగులో, సిరా పుట్టగొడుగు ముద్ర నలుపు రంగులో ఉంటాయి కాబట్టి వీటి మధ్య భేదాన్ని పెంపకందారుకు సులువుగా చూపవచ్చు.

ముగింపు

మొదట చెప్పిన మామిడి మోడుపై కొన్ని వారాల తరువాత మళ్ళీ గొడుగులు లేచాయి. ఈసారి ఆ అధికారి మొగ్గలను, ముదిరినవాటిని వేరువేరుగా కాగితంలో చుట్టి, మోడు దగ్గర వ్రాసుకున్న వివరాలతో సహా అదే సాయంత్రం స్వయంగా తెచ్చారు. మొగ్గలపై రేణువులు చెక్కుచెదరలేదు. ముద్ర నల్లగా వచ్చింది. కాడపై సిస్టీడియాలు కనిపించాయి. నమూనా పెట్టెపై కోప్రినెల్లస్ మైకేసియస్ అని పూర్తి పేరు వ్రాయగలిగాం. మొదటిసారి బుట్టెడు గొడుగులను ఆ కుటుంబం మా మాట విని పారవేసింది. తినవద్దని చెప్పినందుకు చింతించవలసినది ఏదీ లేదు. ఆనాడు మా వద్ద ఉన్నది ఒక చిత్రం, కొంత సిరా మాత్రమే. ఆధారం ఎంత ఉన్నదో సమాధానం అంతే ఉండాలన్నది ఈ గొడుగు విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు నేర్పే పాఠం.